బస్సు దాకా సినిమా

కరుణమ్మ సంచిలో పెట్టిన చీరను ఏసమ్మ బయటికి తీసింది. మడత వంకరగా ఉందని విప్పింది. మంచం మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, అంచుకు అంచు కలిపి మళ్లీ మడిచింది. ఆ చీరను అట్లా మడవడం అది మూడోసారి.

"మే, నువ్వు సర్దుతా ఉండావా, సర్దినయ్యి పీకతా ఉండావా?" అంది కరుణమ్మ. ఆమె గడప మీద కూర్చుని నాటుకోడిపెట్ట కాళ్లకు గుడ్డపీలిక కడుతూ ఉంది. "గుడికి మొదటి గంట కొట్టినారు. నీ చేతికిస్తే వచ్చే ఆదివారానికి గూడా నా సంచి మూతి పడదు."

"పడకపోతే ఏం? వచ్చే ఆదివారమే పోదువులే."

"బాగానే చెప్తివి. ఒకడికి పాలిస్తే ఇంకోడు ఏడుస్తాడంట. వాడిని ఎత్తుకుంటే వీడంట. మా సంధ్య ఫోన్లో మాట్లాడేదానికి గూడా ఓపిక లేకుండా ఉంది."

ఏసమ్మ ఇంకో చీర అందుకుంది. కవల పిల్లలతో వాదించి ఎవరు గెలుస్తారు?

కరుణమ్మ ఆమెకు వదిన. భర్త పౌలుకు సొంత అక్క. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. ఇటు తాలింపు వేస్తే అటు తుమ్మేవాళ్లు. కరుణమ్మ ఒక్కగానొక్క కూతురు సంధ్యారాణి నరసరావుపేటలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఒకేసారి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్లు నడక నేర్చేదాకా తోడుండడానికి కరుణమ్మ పోతోంది. ఏడాది. ఎంత తొందరపడినా పది నెలలు.

ఏడాదే కదా అని ఊరంతా అన్నారు. ఏసమ్మ మాత్రం అనలేకపోయింది. ఎవరైనా సంచి సర్దుతుంటే సర్దినవి విప్పకుండా ఆమె ఉండలేదు. పౌలు కళ్లు చూపించుకోవడానికి మార్కాపురం పోయిన రోజున కూడా, పొద్దున అతను ఎక్కిన బస్సు సాయంత్రం వెనక్కి వచ్చేదాకా స్టాపులోనే కూర్చున్న మనిషి ఆమె. పోయేవాళ్లు పోతూనే ఉంటారు, వచ్చేవాళ్లనే నమ్మడానికి లేదు అని ఆమెకు లోపల ఒక గట్టి అభిప్రాయం.

"రైలు ఆరున్నరకు కదా," అంది చివరికి. "పోయే రోజు సినిమా ఏంది వదినా?"

"పోయే రోజు గాబట్టే. ఇన్నేండ్లకు ఒక సినిమా కడదాకా చూసే రాత పట్టింది నాకు. వదులుకుంటానా?"

ఆ మాటకు వెనక పెద్ద కథే ఉంది.

వాళ్ల పల్లె కొమరోలుకు ఆరు కిలోమీటర్లు లోపలికి. కొత్త సినిమా చూడాలంటే గిద్దలూరు పోవాలి. వారం పొడుగునా కూలి పని. ఆదివారం పొద్దున గుడి. ఆరాధన ముగిసేసరికి పన్నెండున్నర. ఒంటిగంట బస్సెక్కితే రెండున్నర ఆట అందుతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. పల్లెకు వచ్చే ఆఖరి బస్సు గిద్దలూరులో ఐదూ పదికి కదులుతుంది. ఆట వదిలేది ఐదున్నరకు. కాబట్టి ఐదుకు పది నిమిషాలుందనగా, తెర మీద ఎవరు ఎవరిని నరుకుతున్నా సరే, చెప్పులు వెతుక్కుని లేచి పరిగెత్తాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఆ పల్లె నుంచి సినిమాకు పోయిన ఆడవాళ్లలో ఒక్కరు కూడా ముగింపు చూసిన పాపాన పోలేదు.

మొదట్లో బాధపడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత అదే బాగుందనుకున్నారు. "బస్సు దాకా సినిమా వాళ్లది. బస్సెక్కినాక మనది" అని కరుణమ్మ ఒక సూత్రం చేసి పెట్టింది. గిద్దలూరు నుంచి పల్లె దాకా గంట ప్రయాణం. ఆ గంటలో, చూడకుండా వదిలేసిన ముగింపును ఇద్దరూ వాదించుకుని తేల్చేవాళ్లు.

తేలేది ఎప్పుడు? కరుణమ్మకు చావులు ఇష్టం. హీరో అయినా సరే, హీరో తల్లి అయినా సరే, చంపి గానీ నిద్రపోదు. "చస్తేనే కథకు బరువు" అనేది. ఏసమ్మకు అందరూ ఇల్లు చేరాలి. తప్పిపోయినవాళ్లు దొరకాలి, అలిగినవాళ్లు రావాలి, చివరికి అంతా కలిసి అన్నం తినాలి. ఒకసారి ఒక లారీ సినిమాకు పోయారు. ఘాట్ రోడ్డులో లారీ బ్రేకులు పోయి, ముందు చక్రాలు లోయ మీద గాలిలో తిరుగుతుండగా బస్సు టైమైంది. ఆ లారీని కరుణమ్మ లోయలోకి తోసేసింది. ఏసమ్మ వెనక చక్రానికి మద్దిచెట్టు వేరు అడ్డం పెట్టి ఆపింది.

"ఘాట్ రోడ్డులో వేర్లు రోడ్డు మీదికి వస్తాయా?" అంది కరుణమ్మ.

"దోర్నాల దాటినాక చూడు, వస్తాయో రావో!"

ఎదురు సీట్లో ఉన్న కండక్టరు నవ్వు ఆపుకోలేక, "అవ్వా, ఆ సినిమా నేను చూసినా. అసలు ఆ లారీలో హీరోనే ఉండడు..." అని నోరు తెరిచాడు.

ఇద్దరూ ఒకేసారి తిరిగారు. "నిన్నెవరడిగినారు నాయనా? నీ టికెట్లు నువ్వు కొట్టుకో."

సోమవారం చేలో అసలు పంచాయితీ. కలుపుకు పోయే జట్టుకు రేచల్ మేస్త్రి. పన్నెండు మంది ఆడవాళ్లు, మనిషికొక సాలు. సినిమా చూసొచ్చిన వాళ్లు ఆ పూట కలుపు తీయరు. గట్టు మీద నడుస్తూ కథ చెబుతారు. వాళ్ల సాళ్లు మిగతావాళ్లు పంచుకుని తీస్తారు. ముగింపు దగ్గరికి వచ్చేసరికి కరుణమ్మ తనది చెప్పేది, ఏసమ్మ తనది చెప్పేది. ఏసమ్మ ముగింపు నచ్చినవాళ్లు ఏసమ్మ సాలులో దిగేవాళ్లు. కరుణమ్మది నచ్చినవాళ్లు కరుణమ్మ సాలులో. ఎవరి సాలు ముందు గట్టుకు చేరితే ఊళ్లో ఆ సినిమాకు అదే ముగింపు. గుడిలో అయినా, కుళాయి దగ్గరైనా ఇంక మారు మాట లేదు.

ఫోన్లు వచ్చాక రేచల్ కోడలు బ్లెస్సీ ఒకసారి తెలివి చూపించింది. ఇరవై రెండేళ్ల పిల్ల. సినిమా వచ్చిన మూడో రోజే ఫోను తెరిచి, "అవ్వా, రేటింగు రెండున్నరే ఇచ్చినారు. క్లైమాక్సులో ఏమైతాదంటే..." అంది.

"మూసెయ్," అంది రేచల్. "అది వాళ్ల ముగింపు. మన సాలు ఇంకా తేలలేదు."

అట్లాంటి ఊరి నుంచి, రైలు పుణ్యమా అని, మొదటిసారి ఒక మనిషి ముగింపు చూడబోతోంది. రైలెక్కే మనిషికి ఐదూ పది బస్సుతో పనేముంది?

ఏసమ్మకు దిగులు రెండింతలు కావడానికి ఇదొక కారణం.

*

ఆ రోజు 2023 ఆగస్టు ఇరవై ఏడు. ప్రసంగం పొడుగైతే వెనక వరసలో ఆడవాళ్లకు దగ్గు పట్టుకుంటుందని పాస్టరుకు తెలుసు. పన్నెండూ ఇరవైకే దీవెన చెప్పి పంపించాడు. కరుణమ్మకు చెయ్యి ఊపడానికి బస్సు స్టాపుకు సగం సంఘం వచ్చింది. రేచల్ ఉలవలు మూటగట్టి ఇచ్చింది. పౌలు సంచి బస్సులో పెట్టి, అక్క మొహం చూడకుండా టైరు వైపు చూస్తూ, "జాగ్రత్త" అన్నాడు. అతను అంతకంటే ఎక్కువ మాట్లాడింది పెళ్లిలోనూ లేదు.

సినిమా హాలు గేటు దగ్గర మనిషి సంచిని చూశాడు, ఉలవల మూటను చూశాడు, గంపలో కోడిని చూశాడు.

"కోడికి టికెట్ లేదు అవ్వా. లోపలికి కుదరదు."

"అది సినిమా చూడదు నాయనా," అంది కరుణమ్మ. "బాలింత కూతురికి పట్కపోతా ఉండా. బయట పెడితే నీ పకోడీలోడు కోసుకుంటాడు."

గేటు మనిషి నవ్వి, గంప మీద గుడ్డ కప్పమన్నాడు. కోడి కుర్చీ కిందికి చేరింది.

అది అన్నదమ్ముల సినిమా. వాళ్లు దానికి బోర్డు మీది పేరు ఎప్పుడూ వాడలేదు. పడవ సినిమా అన్నారు. గడ్డం మీద మచ్చ ఉన్న పెద్దోడు తండ్రితో గొడవపడి ఇల్లు వదులుతాడు. ఏటి మీద పడవ నడుపుతుంటాడు. ఒక తుఫాను పూట పడవ తిరగబడుతుంది. పెద్దోడి చొక్కా మాత్రం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తమ్ముడు నమ్మడు. ఇంట్లో చెల్లెలి పెళ్లి పెట్టుకుని ఊరూరా వెతుకుతుంటాడు. పెద్దోడు ఇల్లు వదిలే ముందు తల్లి అతన్ని చర్చికి తీసుకుపోయి మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంది. తెర మీద ఆ తల్లి ప్రార్థన ముగించగానే కరుణమ్మ అలవాటు కొద్దీ గట్టిగా "ఆమేన్" అంది. వెనక నుంచి ఇంకో ఇద్దరు "ఆమేన్" అన్నారు. ఆపైన హాలంతా నవ్వింది. కోడి కూడా ఏదో అంది.

విరామంలో బయటికొచ్చి టీ తాగుతూ ఇద్దరూ మొదలుపెట్టారు.

"చొక్కా దొరికిందంటే మనిషి పోయినట్టే," అంది కరుణమ్మ. "చొక్కా ఎందుకు చూపిచ్చినాడు మరి? ఉత్తపున్యానికి చూపిస్తాడా?"

"శవం చూపిచ్చినాడా? శవం చూపించలేదంటే బతికుండాడనే. నేను ఎన్ని సినిమాలు చూళ్లేదు!"

"ఆ పిల్లోడి మొహంలోనే చావు రాసిపెట్టి ఉంది మే. అంత మంచోడిని బతకనిచ్చిన సినిమా ఏదన్నా ఉందా?"

"తమ్ముడంతగా తిరుగుతా ఉంటే రాకుండా ఎట్లుంటాడు? చెల్లెలి పెళ్లికన్నా రాడా?"

"ఏటిలో పోయినోడికి పెళ్లి పత్రిక ఎవరిచ్చినారు?"

ఏసమ్మ గ్లాసు కింద పెట్టింది.  "వదినా, ఒక మాట. ఆ పెద్దోడు తిరిగొస్తే నువ్వు గూడా వచ్చే కలుపులకు తిరిగి రావాల."

కరుణమ్మ ఆమె మొహంలోకి చూసింది. నవ్వబోయి ఆగింది. "రాకపోతే?"

"ఆ మాట లేదు."

"సరే. వాడొస్తే నేనొస్తా. వాడు రాకుంటే మాత్రం నన్ను పోరొద్దు. ఒప్పుకుంటివా?"

"ఒప్పుకుంటి," అంది ఏసమ్మ.  నోటితో అన్న మాట వెనక్కి రాదు. ఆ దర్శకుడు ఎవరో, ఎట్లాంటివాడో, వాడికి అక్కాచెల్లెళ్లు ఉన్నారో లేదో కూడా తెలియదు. తన వదినను తీసుకుపోయి వాడి చేతిలో పెట్టినట్టయింది.

రెండో సగం ఆమె సరిగ్గా చూడలేదు, ప్రార్థించింది. తమ్ముడు రౌడీలను కొడుతుంటే తొందరగా కొట్టమని లోపలే తిట్టింది. పాట వస్తే విసుక్కుంది. చివరికి చెల్లెలి పెళ్లి వచ్చింది. పందిరి వేశారు. పెళ్లికూతురు కుర్చీలో కూర్చుని గేటు వైపే చూస్తోంది. తల్లి ఒక విస్తరి ఎవరూ కూర్చోకుండా పక్కన పెట్టింది. వాన మొదలైంది. వానలో, గొంగడి కప్పుకున్న మనిషి ఎవరో నడిచి వస్తున్నాడు. మొహం చూపించలేదు. బురదలో కాళ్లు మాత్రమే.

సరిగ్గా అప్పుడు ఏసమ్మ ఒంట్లో ముప్పై ఏళ్ల గడియారం కొట్టింది. ఐదుకు పది.

అలవాటుగా లేచింది. అలవాటుగా వదిన మోచేతిని పొడిచింది. కరుణమ్మ కదల్లేదు.

"నువ్వు పో మే. బస్సు పోతాది. నేను చూసి రేపు ఫోన్లో చెప్తాలే."

ఏసమ్మ చెప్పులు వెతుక్కుంది. వంగి వదిన భుజం పట్టుకుంది. వదిలింది. కోడిగంప తగలకుండా అడుగులు వేసుకుంటూ వరస దాటింది. తలుపు దగ్గర పరదా ఎత్తింది. బయటి వెలుతురు కళ్లలో పడింది. ఇట్లనే అయిపోతుందన్నమాట, అనుకుంది. పోయేవాళ్లు సంచి పట్టుకుని పోతారని ఇన్నాళ్లూ భయపడింది. ఇప్పుడు పోతున్నది తనే.

వెనక్కి తిరిగి చూసింది. తెర వెలుగులో కరుణమ్మ నెత్తి తెల్లగా కనిపించింది. పక్కన తన కుర్చీ ఖాళీ. ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని వందల సార్లు ఈ తలుపు దాటారు? ఇద్దరూ కలిసే దాటారు. వాదించుకుంటూ దాటారు. ఇప్పుడు వదిన ఒక్కతే చూస్తుంది, రేపు ఫోన్లో చెబుతుంది, చెప్పింది వినాలి. వాడు నిజంగా వచ్చినా "చచ్చినాడు మే" అని చెప్పినా చెబుతుంది ఆ మహాతల్లి!

పరదా వదిలేసింది. వరసలో వాళ్ల కాళ్లు తొక్కుకుంటూ, తిట్లు తింటూ, వచ్చి ధబ్బున కూర్చుంది.

"బస్సు?" అంది కరుణమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా.

"పోనీ."

"మే! పిచ్చి పట్టిందా? ఇంటికెట్ల పోతావు?"

"పోతాలే. నోరు మూసుకుని చూడు."

సినిమా వెనక్కి పోయి అరగంట సేపు పెద్దోడి చిన్నప్పటి కథ చెప్పింది. ఆ తర్వాత గానీ గొంగడి మనిషి గేటు దగ్గరికి రాలేదు. పందిట్లో అందరూ లేచి నిలబడ్డారు. తల్లి చేతిలోంచి అన్నం గిన్నె పడింది. ఏసమ్మ వదిన చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. గొంగడి మెల్లగా జారుతోంది. గడ్డం కనిపించింది. గడ్డం మీద మచ్చ... తెర నల్లగా అయిపోయింది.

హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కోడి "కొక్కొక్కో" అంది.

తెర మీద అక్షరాలు పడ్డాయి. కరుణమ్మకు చదువు రాదు. ఏసమ్మ బడికి పోలేదు గానీ, పాటల పుస్తకంలో వేలు పెట్టుకుని తనంతట తానే చదువు కూడగట్టుకున్న మనిషి.

"ఏం రాసినారే? చచ్చినాడనా?"

"ఉండు, ఉండు. మి... గ... తా... మిగతా... కథ..." వెనక కుర్రాళ్లు అప్పటికే ఈలలు వేస్తున్నారు, ఎవరో తిడుతున్నారు. "...రెండో భాగంలో."

"అంటే?"

"అంటే ఇంకా ఉందంట."

"ఎక్కడ?"

"వాళ్ల దగ్గర."

కరుణమ్మ నోరు తెరుచుకుని తెరను చూసింది, మరదలిని చూసింది. దీపాలు వెలిగాయి. "ముప్పై ఏండ్ల నుంచి ముగింపు చూళ్లేదని కుమిలిపోతిమి కదే," అంది. "పనిగట్టుకుని కూర్చుంటే దీనికి ముగింపే లేదా?"

ముందుగా ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఏసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కరుణమ్మ ముందు కుర్చీ వీపు మీద తల పెట్టి భుజాలు కదిలేలా నవ్వింది. ఊడ్చే మనిషి వచ్చి, "లేవండవ్వా, ఫస్టు షోకు జనం లోపలికి రావాల," అన్నా లేవలేకపోయారు.

*

హాలు నుంచి స్టేషను దాకా ఆటోలో వాదించుకున్నారు. ప్లాట్‌ఫారం మీద వాదించుకున్నారు.

"మచ్చ ఉందా లేదా? పెద్దోడికి గడ్డం మీద మచ్చ ఉందా లేదా?"

"పెద్దోడికి ఎడమ పక్క. ఇప్పుడు కనపడింది కుడి పక్క. వాడు విలన్ మే. వేషం వేసుకోనొచ్చినాడు."

"నీ కుడి ఎడమలు ఎవరికి కావాల? తల్లి గిన్నె వదిలేసింది. విలన్‌ను చూసి ఏ తల్లయినా గిన్నె వదుల్తాదా?"

"భయానికి వదుల్తాది!"

రైలు వచ్చింది. సంచి, మూట, గంప ఎక్కించారు. కరుణమ్మకు కిటికీ పక్కనే సీటు దొరికింది. ఎదురుగా కూర్చున్న ఒక ఉద్యోగస్తుడు అన్నీ వింటున్నాడు. "అమ్మా, మీరు చెప్పేది ఆ పడవ సినిమానేనా? నేనైతే వాడు అన్నే అనుకుంటున్నా," అన్నాడు.

"నువ్వు చూసినావా?" అంది కరుణమ్మ.

"చూడలేదు. మీ మాటలను బట్టి..."

"చూడకుండా చెప్పకూడదు నాయనా," అంది, ముప్పై ఏళ్లుగా చూడని ముగింపులు చెప్పిన మనిషి.

ఏసమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. "వదినా, పందెం సంగతి?"

"పందెం తేలలేదు కదా. రెండో భాగం వచ్చినప్పుడు ఇద్దరం ఆ కుర్చీల్లోనే కూర్చుందాం. అప్పటిదాకా..." రైలు కదిలింది. కరుణమ్మ గొంతు పెంచింది. "అప్పటిదాకా వాడు విలనే!"

"అన్న!" అని అరిచింది ఏసమ్మ, రైలుతో పాటు నాలుగు అడుగులు వేస్తూ. "అన్న! అన్న!"

కరుణమ్మ ఇంకా ఏదో అంటోంది. చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, గడ్డం మీద కుడి పక్క చూపిస్తోంది. ఆ చెయ్యి చిన్నదైంది. రైలు మలుపు తిరిగింది.

ఏసమ్మ ఆయాసంతో బెంచీ మీద కూర్చుంది. కొంచెంసేపటికి గానీ గుర్తు రాలేదు ఆమెకు, తను ఏడవలేదని. రైలు కూత వినబడకముందే ఏడ్చే మనిషి తను. కుడి పక్కా ఎడమ పక్కా అన్న గొడవలో ఏడవడం మరిచిపోయింది.

ఏడు సీట్ల ఆటోలో కొమరోలు చేరింది. అక్కడ బ్లెస్సీ స్కూటరు వేసుకుని ఎదురుచూస్తోంది. వెనక సీటు మీంచి పౌలు దిగాడు. ఆఖరి బస్సులో ఆమె దిగకపోయేసరికి అతనే బ్లెస్సీని వెంటబెట్టుకొచ్చాడు.

"నువ్వు గూడా రైలెక్కినావేమో అనుకొంటి," అన్నాడు. ఆమె చేతిలో సంచి లేదని రెండుసార్లు చూశాడు. పౌలుకు కూడా భయం వేస్తుందని ఏసమ్మకు ఆ రోజే తెలిసింది.

బ్లెస్సీ మాత్రం ఆగలేకపోయింది. "అవ్వా, బస్సు వదిలినావంటే... క్లైమాక్స్ చూసినావా?"

"చూసినా," అంది ఏసమ్మ గొప్పగా.

*

ఆ మాట తెల్లారేసరికి ఊరంతా పాకింది. సోమవారం కంది చేలో పన్నెండు మంది రావాల్సిన చోట పద్దెనిమిది మంది వచ్చారు. రేచల్ అందరినీ సాళ్లలో నిలబెట్టి, "చెప్పత్తా," అంది. "ఈ పొద్దు ఎవరూ అడ్డం రారు. చూసొచ్చిన ముగింపు."

ఏసమ్మ గట్టు మీద నడుస్తూ చెప్పింది. పడవ, చొక్కా, తమ్ముడు, చెల్లెలి పెళ్లి, వాన, గొంగడి. గొంగడి దగ్గరికి వచ్చేసరికి ఒక్క చెయ్యి కూడా కలుపు మీద లేదు.

"గొంగడి జారింది," అంది ఏసమ్మ. "గడ్డం కనపడింది. మచ్చ కనపడింది..."

"కనపడి?"

"కనపడి, అయిపోయింది."

"ఏందత్తా అయిపోయేది?"

"మిగతాది రెండో భాగంలో అని రాసినారు."

 చేనంతా లేచింది. "దీనికా బస్సు వదిలినావు?" అని ఒకరు. "కుదరదు, తీసినోడిని సాలులో నిలబెట్టాల," అని ఇంకొకరు. రేచల్ నడుం మీద చేతులు పెట్టుకుని పడీపడీ నవ్వింది.

"అయితే ఏముంది?" అంది నవ్వు ఆగాక. "వాళ్లు తేల్చలేదు. మనమే తేల్చాల. ఎప్పుడూ చేసేదే కదా. కరుణత్త ముగింపేంది?"

"ఆమె లేదు కదా," అంది ఏసమ్మ. అప్పుడు కలిగింది దిగులు. ఇన్నేళ్లుగా ఎదురు మాట అనే మనిషి పక్కన ఉండేది. ఎదురు మాట లేకపోతే తన ముగింపు కూడా రుచి లేని కూర.

బ్లెస్సీ అప్పటికే ఫోను తీసింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, గట్టు మీద ఎత్తైన రాయి చూసి దాని మీద పెట్టింది. రెండుసార్లు మోగాక నరసరావుపేట నుంచి ఇద్దరు పసిపిల్లల ఏడుపు చేనంతా వినబడింది. దాని మీద కరుణమ్మ గొంతు.

"ఎవరూ? ఏసమ్మేనా? వాడు విలనే! మొత్తం పెళ్లిపందిరి తగలబెట్టి, తల్లిని చంపి, తమ్ముడిని ఏట్లో తోస్తాడు!"

"వదినా, తల్లిని ఎందుకు చంపినావు?"

"గిన్నె వదిలేసింది కదా. ఆ సద్దుకే వాడికి తెలిసిపోయింది, గుర్తుపట్టిందని."

"అది అన్నే! వాడు లోపలికొచ్చి, వాళ్లమ్మ పక్కన పెట్టిన విస్తరి ముందర కూర్చున్నాడు. ఏట్లో కొట్టుకపోయినప్పుడు ఒక జాలరాయన కాపాడినాడు. వాన్లో తడిసినాడు గదా, వాళ్లమ్మ కొంగుతో తల తుడిచింది. ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది."

"కూర ఏంది?" అంది ఫోను.

"ఏందన్నా ఒకటి. చేపల కూర."

"ఏట్లో మునిగినోడికి చేపల కూర పెట్టిందా? దానికన్నా సచ్చేదే మేలు!"

పద్దెనిమిది మందీ నవ్వుతూ సాళ్లలో దిగారు. తొమ్మిది ఇటు, తొమ్మిది అటు. ఫోను రెండు పక్కలా వాళ్లను పేరు పేరునా తిడుతూ, పిలుస్తూ, మధ్యలో మనవళ్లను జోకొడుతూ ఉంది. ఆ రోజు ఏసమ్మ సాలు నాలుగు మూరల ముందు గట్టుకు చేరింది. "మేస్త్రి మోసం చేసింది, నేను చూస్తా ఉండా," అని అరిచింది కరుణమ్మ అంత దూరం నుంచి.

ఆ ఏడాది కలుపులన్నీ అట్లాగే జరిగాయి. ఏసమ్మ మళ్లీ ఐదూ పది బస్సుకే వచ్చేది. బస్సులో వాదించడానికి బ్లెస్సీ తోడు పోయేది గానీ, ఆ పిల్లకు చంపడం ఇంకా చేతకాదు. సోమవారం రాయి మీద ఫోను పెట్టేవాళ్లు. పన్నెండు సినిమాలు అయ్యాయి. ఏసమ్మ ఎనిమిది గెలిచింది, కరుణమ్మ నాలుగు. పసిపిల్లల ఏడుపు ఫోన్లో మెల్లగా మాటలైంది. ఒకసారి వాళ్లలో ఒకడు స్పష్టంగా "చచ్చినాడు" అన్నాడు. వాళ్లమ్మమ్మ గర్వంతో ఆ ఒక్క మాట మూడుసార్లు చెప్పించింది.

పడవ సినిమా రెండో భాగం ఇంతవరకు రాలేదు.

ఏడాది దాటినా పిల్లలు వదల్లేదని ఆగిపోయిన కరుణమ్మ తిరిగి రాలేదు. 2024 నవంబరు తొమ్మిది, శనివారం పొద్దున, నరసరావుపేటలో కూతురింట్లో పోయింది.